ఫిల్మ్ వచ్చింది, చూసేవాడేడీ?

పల్నాడు ప్రజలకు ముఖ్య గమనిక. కింద పడదలుచుకున్నవాళ్లు పగటిపూటే పడగలరు. సోమవారం ఉదయం పదిన్నర దివ్యమైన ముహూర్తం. ఆదివారం వద్దు. పండగపూట అసలే వద్దు. రాత్రి పన్నెండు దాటాక బండి మీద నుంచి జారినా, మిర్చి టిక్కీ కాలి మీద పడినా, మాట తడబడి మూతి వంకర పోయినా తదనంతర పరిణామాలకు ఎవరూ బాధ్యులు కారు.

ఇప్పటిదాకా ఎవరు బాధ్యులయ్యారు గనక?

ఆసుపత్రి లేదా అంటే ఉంది. ఎక్స్‌రే మిషను లేదా అంటే ఉంది. దాని పక్కన నిలబడి నాయకుడు రిబ్బన్ కత్తిరించిన ఫొటో కూడా ఉంది. అది ఎక్స్‌రే కన్నా స్పష్టంగా వచ్చింది. ఫిల్మ్ తీసేవాడూ ఉన్నాడు, నిద్రలేపితే వస్తాడు. మరి తీసిన ఫిల్మ్‌ని చూసేవాడు? చూసి, ఇదిగో ఇక్కడ చీలిక ఉందని రాసి, కింద తన పేరు పెట్టేవాడు?

అదిగో, అక్కడే వచ్చింది చిక్కు.

రాత్రి ఒంటిగంట. మాచర్ల అనుకోండి, గురజాల అనుకోండి, నరసరావుపేట అనుకోండి. సర్కారుదనుకోండి, ప్రైవేటుదనుకోండి. కథ మీకు తెలిసిందే. బాత్రూంలో జారిపడ్డ ముసలమ్మను కొడుకు ఆటోలో వేసుకొచ్చాడు. తుంటి నొప్పి. డ్యూటీ డాక్టరు కుర్రాడు. పొద్దుటి నుంచీ అదే కుర్చీ. ఫిల్మ్ తీసుకురాగానే ట్యూబులైటు కేసి ఎత్తి పట్టుకున్నాడు. పక్కన ఈగ వాలింది. ఈగ మాత్రం స్పష్టంగా కనపడింది.

"ఏమైంది సార్?"

"ఎముకలు బాగానే ఉన్నట్టున్నాయి పెద్దమ్మా. బెణికుంటుంది. గోలీలు రాస్తా. పొద్దున పెద్ద డాక్టరుకి చూపించుకోండి."

పెద్దమ్మ ఇంటికెళ్లింది. నడిచింది. నడవమన్నారు కాబట్టి నడిచింది. వృద్ధుల తుంటిలో కదలని సన్నటి విరుపు కొన్నిసార్లు ఎక్స్‌రేలో కనపడదని, నొప్పి తగ్గకపోతే సీటీయో ఎమ్మారైయో తీసి తేల్చుకోవాలని వైద్య పుస్తకాల్లో ఉంది. పెద్దమ్మ పుస్తకాలు చదవలేదు. కదలకుండా ఉన్న ముక్క నాలుగడుగులకే కదిలింది. చిన్న ఆపరేషన్ కాస్తా పెద్ద ఆపరేషన్ అయింది. తప్పెవరిది? ముసలమ్మదే. ఎందుకు నడిచిందీ అని ఆమెనే తిట్టారు.

ఇక వాట్సాప్ వైద్యం సంగతి. ఫిల్మ్‌ని కిటికీకి ఆనించి సెల్‌ఫోనుతో ఫొటో తీస్తారు. గుంటూరులో ఉన్న తెలిసినాయనకు పంపుతారు. ఆయన పెళ్లి భోజనంలో ఉంటాడు. ఎడమ చేత్తో ఫోను తీసి, అరచేతంత తెర మీద చూసి, బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపుతాడు. అయిపోయింది వైద్య పరీక్ష. దీన్నే కొందరు టెలీ రేడియాలజీ అంటున్నారు. ఏది టెలీ రేడియాలజీ? అసలు డిజిటల్ చిత్రం ఒక్క చుక్క తగ్గకుండా అవతలికి చేరాలి. వెలుగు పెంచి, తగ్గించి, పెద్దది చేసి చూసే తెర ఉండాలి. చదివినాయన రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వాలి. వాట్సాప్ ఫొటోని కుదించి పంపుతుంది. వెంట్రుకంత చీలికను కుదిస్తే ఏం మిగులుతుంది? బొటనవేలు మిగులుతుంది.

రాత్రి తప్పులకు ఒక పద్ధతి ఉంది. అవి ఎక్కడ పడితే అక్కడ జరగవు. ఏటా అవే చోట్ల, అవే తీరున జరుగుతాయి. మెడకు దెబ్బ తగిలినవాడికి పక్క నుంచి తీసిన ఫిల్మ్‌లో మెడ పూసలు ఏడూ కనపడాలి, వాటి కింద ఛాతీ తొలిపూస పైభాగం కూడా కనపడాలి. భుజాలు అడ్డొచ్చి ఐదు పూసలే కనపడితే ఆ ఫిల్మ్ పనికిరాదు, మళ్లీ తీయాలి. తీస్తున్నారా? కడుపులో పేగుకు చిల్లు పడ్డవాణ్ని నిలబెట్టి తీస్తే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉన్న పొర కింద గాలి తెలుస్తుంది. పడుకోబెట్టి తీస్తే ఆ గాలి దాక్కుంటుంది. 'గ్యాస్' అని ఇంజెక్షన్ ఇచ్చి పంపిస్తారు. గ్యాసే, కాకపోతే ఉండకూడని చోట ఉంది. అరచెయ్యి ఆనించి పడ్డవాడి బొటనవేలి మొదట్లో చిన్న ఎముక విరిగితే మొదటి రోజు ఫిల్మ్‌లో కనపడకపోవచ్చు. అనుమానం ఉంటే కట్టేసి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయాలి. మనవాళ్లు రెండోసారి రమ్మని చెప్పరు. చెప్పినా రెండోసారికి ఛార్జీలు, కూలి పోగొట్టుకున్న రోజు ఎవరిస్తారు? చివరికి ఊళ్లో కట్టు కట్టేవాడి దగ్గరికి పోతాడు. ఆయన కనీసం చేత్తో తడిమి చూస్తాడు!

అన్నిటికన్నా ఘోరం తలకాయ స్కాన్. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి వచ్చినవాడికి సీటీ తీస్తారు. 'నార్మల్' అని వస్తుంది. హమ్మయ్య అనుకుంటారు. నెత్తురు నాళం పూడుకుపోయి వచ్చిన పక్షవాతంలో తొలి గంటల్లో మామూలు సీటీ శుభ్రంగా ఉండొచ్చు. ఆ సీటీ ముఖ్యంగా తీసేది మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి. లేదని తేలితే అప్పుడే అసలు పరుగు మొదలు కావాలి, గడ్డ కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటలే గడువు. నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లోనే లెక్క కట్టారు. మరి మాచర్ల నుంచి గుంటూరు దాదాపు 120 కిలోమీటర్లు. 'నార్మల్' అన్న మాట విని ఇంటికెళ్లి పడుకుని, తెల్లారి బయల్దేరినవాడికి ఎన్ని కోట్ల కణాలు పోతాయో నిమిషాలు గుణించి మీరే చూసుకోండి.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి, "నిపుణులు కూడా పొరబడతారండీ" అంటాడు. అంటాడని తెలుసు. నిజమే. అమెరికాలో లియో హెన్రీ గార్లాండ్ అనే రేడియాలజిస్టు 1949లోనే ఈ గుట్టు విప్పాడు. జబ్బు జాడ ఉన్న ఛాతీ ఫిల్ముల్లో దాదాపు 30 శాతాన్ని అనుభవజ్ఞులే వదిలేస్తున్నారని తేల్చాడు. 2013లో ఇంకో తమాషా చేశారు. ఛాతీ సీటీ చిత్రాల్లో గొరిల్లా బొమ్మ ఇరికించారు. వెతకాల్సిన గడ్డ కన్నా 48 రెట్లు పెద్దది. 24 మంది రేడియాలజిస్టులకు చూపిస్తే 20 మందికి గొరిల్లా కనపడలేదు. వాళ్లు గడ్డల కోసం వెతుకుతున్నారు, గొరిల్లా కోసం కాదు. ఒక లోపం దొరకగానే కన్ను తృప్తిపడి రెండోది వెతకడం మానేస్తుందని కూడా వాళ్ల శాస్త్రమే చెబుతోంది.

సరే పెద్దమనిషీ, ఇప్పుడు నువ్వు చెప్పు. ఏళ్ల తరబడి చదివి, నల్లటి గదిలో, మంచి తెర ముందు కూర్చున్నవాడికే గొరిల్లా కనపడకపోతే, ట్యూబులైటు కింద నిద్రమత్తులో ఉన్నవాడికి వెంట్రుకంత చీలిక కనపడుతుందా? నిపుణుడు పొరబడతాడు కాబట్టే రెండో కన్ను కావాలంటుంది ప్రపంచం. మనం అదే మాట పట్టుకుని మొదటి కన్నునే ఎగ్గొట్టాం. ఎంత తెలివి!

అమెరికావాడు కనీసం లెక్క కడతాడు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ 2022 డిసెంబరులో ఒక నివేదిక బయటపెట్టింది. ఏటా 13 కోట్ల ఎమర్జెన్సీ సందర్శనల్లో 74 లక్షల సార్లు రోగ నిర్ధారణ తప్పుతోందని, అంటే వందకు దాదాపు ఆరు అని అంచనా. స్కానులవే కావు, అన్ని రకాల తప్పులూ కలిపి. అక్కడి ఎమర్జెన్సీ డాక్టర్లు భగ్గుమన్నారు. లెక్క కట్టిన తీరే తప్పని లేఖలు రాశారు. కొట్టుకోనివ్వండి. కొట్టుకోవడానికి వాళ్ల దగ్గర ఒక అంకె ఉంది. మన దగ్గర? ఎన్ని స్కానులు తీశామో చెబుతారు, లక్షల్లో చెబుతారు, ఫ్లెక్సీ మీద చెబుతారు. అందులో ఎన్ని తప్పు చదివారో చెప్పమనండి చూద్దాం. రిజిస్టరే లేని తప్పు తప్పెలా అవుతుంది? మన దగ్గర తప్పులు సున్నా. ప్రపంచ రికార్డు!

ఇంకో ముచ్చట వినండి, నవ్వొస్తుంది, తర్వాత ఒళ్లు మండుతుంది. 2002లో బెంగళూరులో ఒక టెలీ రేడియాలజీ కంపెనీ పెట్టారు. అమెరికాలో అర్ధరాత్రి క్యాజువాలిటీకి వచ్చినవాళ్ల స్కానులను ఇక్కడ పట్టపగలు కూర్చుని చదివి పంపడం దాని పని. అక్కడి లైసెన్సులున్న డాక్టర్లే చదువుతారు. అంటే ఏమిటి? అమెరికావాడి రాత్రికి భారతదేశంలో మెలకువగా ఒక కన్ను ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఉంది. సముద్రాలు దాటి నిమిషాల్లో రిపోర్టు పోతుంది. మరి మాచర్ల రాత్రికి? కారంపూడి రాత్రికి? రెంటచింతల రాత్రికి? సాంకేతికత లేదనకండి. ఉంది. పంపే తీగ ఉంది, చదివే బుర్ర ఉంది. డబ్బు కట్టే చెయ్యి డాలరుదైతే అందరూ మేలుకుంటారు. రూపాయిదైతే పొద్దున రమ్మంటారు.

డాక్టర్ల కొరత అని అంటారు. దేశంలో లక్ష మందికి ఒక రేడియాలజిస్టు అని స్థూలమైన లెక్క. పల్నాడు జిల్లా జనం 20 లక్షల పైచిలుకు. ఆ లెక్కన చూసినా 20 మంది. వాళ్లలో రాత్రిపూట క్యాజువాలిటీ ఫిల్ముల కోసం మేలుకుని ఉండేది ఎందరు? నీట్ పీజీలో టాప్ ర్యాంకర్లు ముందుగా ఎగరేసుకుపోయే సీట్లలో రేడియాలజీ ఒకటి. దేశంలోకెల్లా మెరికల్లాంటి బుర్రలు ఈ చదువుకే పోతున్నాయి. కానీ చదువయ్యాక వాళ్లు పోయేది స్కాన్‌కు డబ్బు కట్టేవాడున్న ఊరికి. వాళ్లను తిట్టి ఏం లాభం? రాత్రి ఫిల్మ్ చదివినందుకు విడిగా జీతం ఇస్తామని మన ఆసుపత్రులు ఎప్పుడైనా పిలిచాయా?

ప్రైవేటుకు వెళ్తే బాగుపడతాం అనుకునేరు. అక్కడ స్కానింగ్‌కు కరువు లేదు. కాలు బెణికినా స్కానే, కడుపు నొప్పి వచ్చినా స్కానే. పంపినవాడికి కమీషన్. ఊళ్లో ఆర్ఎంపీ నుంచి పట్నంలో పెద్దాయన దాకా ఎవరి వాటా వారిదని మీకు నేను చెప్పాలా? రోగిని పంపినందుకు వాటా పుచ్చుకోవడం అనైతికమని వైద్యమండలి 2002 నియమావళిలో అచ్చుగుద్ది ఉంది. ఆ నియమావళి ఎక్కడుంది? చట్రం కట్టించి గోడకు తగిలించారు, దాని కిందే కవరు చేతులు మారుతోంది. స్కాన్‌కు పంపినవాడికి డబ్బుంది, చదివినవాడికి తీరిక లేదు. డాక్టరు చీటీలో ఏం రాస్తాడు? 'నొప్పి' అని. ఎక్కడ, ఎప్పటి నుంచి, పడ్డాడా, కొట్టారా, బీపీ ఉందా? ఏమీ రాయడు. రేడియాలజిస్టు రిపోర్టులో ఏం రాస్తాడు? 'చెప్పుకోదగ్గ లోపం లేదు, రోగి లక్షణాలతో పోల్చి చూసుకోగలరు' అని. లక్షణాలేమిటో ఈయన చెప్పలేదు, అడగాలని ఆయనకు తోచలేదు. బంతిని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. మధ్యలో రోగి. బిల్లు మాత్రం సూటిగా రోగికే.

వాగ్దానాల సంగతి చూద్దాం. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు వచ్చింది. మంచిదే, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారుతూ వచ్చింది. రోగి మాత్రం పాత పేరుతోనే అడుగుతాడు, పాపం. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్లో 1,088 వాహనాలను బారులు తీర్చి జెండా ఊపారు. టీవీలో ఎంత అందంగా ఉంది! వాహనాల సంగతి సరే. వాటిలో తెచ్చిన మనిషిని ఎవరి ముందు పెడతారు? రోడ్డు మీద కాపాడిన అరగంటను క్యాజువాలిటీ బల్ల మీద ఎనిమిది గంటలుగా పోగొడితే ఆ జెండా ఎవరి కోసం ఊపినట్టు?

ప్రమాదాలు ఓపీ వేళలు చూసుకుని రావు. 2024 మే 15 తెల్లవారకముందే చిలకలూరిపేట దగ్గర బస్సు, టిప్పరు ఢీకొని మంటలు లేచాయి. ఓటేసి హైదరాబాద్ తిరిగి వెళ్తున్న మనుషులు. ఆరుగురు కాలిపోయారు. గాయపడ్డవాళ్లు గుంటూరు దారి పట్టారు. పల్నాడులో పెద్ద దెబ్బ తగిలితే ఎవరి చూపైనా గుంటూరు వైపే. జిల్లా విడిపోయింది కదా అంటారా? 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. కలెక్టరు వచ్చారు, ఎస్పీ వచ్చారు, బోర్డులు మారాయి. 'రెఫర్ టు గుంటూరు' అన్న రబ్బరు ముద్ర మాత్రం మారలేదు.

పోనీ, వైద్య కళాశాల వస్తే రేడియాలజీ విభాగం వస్తుంది, పీజీలు వస్తారు, రాత్రి డ్యూటీలు పడతాయి అని ఆశపడ్డాం. 2021 మే 31న తాడేపల్లి నుంచి ఒకే రోజు 14 కళాశాలలకు వర్చువల్‌గా శంకుస్థాపన చేశారు. పిడుగురాళ్ల అందులో ఒకటి. 2023 సెప్టెంబరులో కొత్త కళాశాలల్లో తొలి విడతగా ఐదు మొదలయ్యాయి. పిడుగురాళ్ల అందులో లేదు. 2024లో ప్రభుత్వం మారింది. 2025లో పది కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిస్తామని ఒకరు, అమ్మేస్తున్నారని ఇంకొకరు. సభలు, సంతకాలు, సవాళ్లు. కోడిపందెం మీద రాజ్యాన్ని ఒడ్డి వనవాసానికి వెళ్లిన చరిత్ర ఈ నేలది. అప్పుడు బ్రహ్మనాయుడి వైపు కోడి ఓడితే మాచర్లవాళ్లు ఏడేళ్లు అడవులు పట్టారు. ఇప్పుడు ఏ కోడి గెలిచినా వనవాసం రోగిదే. పుంజులు రెండూ బాగానే ఉంటాయి. వాటికి ఎక్స్‌రే అవసరమైతే హైదరాబాద్ ఉంది.

తాజాగా ఇంకో మంత్రం దొరికింది. కృత్రిమ మేధ! ఇక మనుషులే అక్కర్లేదట, ఫిల్మ్ పెడితే యంత్రమే చదివేస్తుందట. ఛాతీ ఎక్స్‌రేలో క్షయ అనుమానాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ నిజంగానే ఉంది, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సరేనంది. వాడుకోండి. ఎవరొద్దన్నారు? కానీ యంత్రం 'అనుమానం' అన్నాక ఆ అనుమానాన్ని తేల్చేదెవరు? తప్పు చెబితే జవాబు చెప్పేదెవరు? సాఫ్ట్‌వేర్‌ని నిలదీయడానికి దాని ఇల్లు ఎక్కడుందో చెప్పండి. ఉన్న మనిషికి జీతం ఇవ్వనివాళ్లు, మనిషి అక్కర్లేని యంత్రం కోసం ఎగబడటంలో ఆశ్చర్యమేముంది?

కోర్టుకు పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. డాక్టరు సేవ కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్‌లో 2002లో ఏం జరిగిందో వినండి. ఒకామెకు చలి, విడిచి విడిచి వచ్చే జ్వరం. ఒక ప్రైవేటు ఆసుపత్రి టైఫాయిడ్ వైద్యం చేసింది. ఆమెకు ఉన్నది మలేరియా. ఆఖరి ఘడియల్లో ఇంకో ఆసుపత్రికి మారిస్తే అప్పుడు తేలింది, అప్పటికే మించిపోయింది. ఆమె భర్త ఉద్యోగం ఏమిటో తెలుసా? మలేరియా విభాగంలో అధికారి! ఆయనకు రెండు లక్షల పరిహారం ఖాయమవడానికి 2010 దాకా పట్టింది. మధ్యలో రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ రెండూ కాదన్నాయి. ఇంకొకటి. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో కణితి ఆపరేషన్. న్యూరోసర్జన్‌ను పక్కన పెట్టుకోకుండానే కానిచ్చారు. కుర్రాడు చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇమ్మంది. ఎప్పుడు? 2009లో. 19 ఏళ్లు.

మలేరియా అధికారికి ఎనిమిదేళ్లు, ఇంజనీరుకు 19 ఏళ్లు. సున్నపు బట్టీలో కూలికి ఎన్నేళ్లు? దాచేపల్లి మిర్చి చేనులో కాయలు కోసే మనిషికి? పైగా కోర్టుకు కాగితం కావాలి. ఫిల్మ్‌ను ట్యూబులైటు కింద చూసి నోటితో చెప్పిన మాటకు కాగితం ఎక్కడిది? రాయకపోవడం బద్ధకం అనుకుంటున్నారా? రాస్తే దొరుకుతారు. రాయనివాడిని ఏ కోర్టు పట్టుకుంటుంది?

అందుకే అడగండి. మీరు, ఇది చదువుతున్న మీరే. ఫిల్మ్ తీయించుకున్న ప్రతిసారీ రాసిన రిపోర్టు అడగండి. కింద చదివినవాడి పేరు, చదివిన సమయం ఉండాలి. రాత్రి చదివింది ప్రాథమికమైతే 'ప్రాథమికం' అని రాయమనండి. పొద్దున రెండో మనిషి చూసి మాట మారిస్తే రోగికి ఫోను చేసి పిలిచే బాధ్యత ఎవరిదో అడగండి. ఇన్‌పేషెంటుగా చేరితే రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నియమావళే చెబుతోంది, అది కూడా అడగండి. "ఏందయ్యా నీ గోల" అంటారు. అననివ్వండి. గోల చేయని చోటే అన్నీ 'నార్మల్'గా ఉంటాయి.

పాలకులకూ నాలుగు ముక్కలు. అడిగేది రాకెట్ కాదు. నరసరావుపేటలో రాత్రంతా మేలుకునే ఒక రీడింగ్ గది. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, చిలకలూరిపేట, సత్తెనపల్లి, వినుకొండ ఫిల్ములన్నీ దానికి తీగ మీద చేరాలి. గంటలోపు పేరు పెట్టిన రిపోర్టు రావాలి. ప్రతి ఆసుపత్రిలో తప్పు చదివిన ఫిల్ములకు ఒక రిజిస్టరు ఉండాలి. డ్యూటీ కుర్రాడిని ఉరి తీయడానికి కాదు, అదే తప్పు వచ్చే వారం మళ్లీ జరగకుండా ఉండటానికి. ఎన్ని స్కానులు తీశారో చెప్పే ఫ్లెక్సీ మీద ఎన్ని తప్పాయో కూడా వేయండి. వేయలేరా? ధైర్యం చాలదా? పల్నాటి పౌరుషం అని ప్రచార సభల్లో తొడలు కొడతారు కదా, కాస్త ఇక్కడ కొట్టండి.

మీ కాలు బెణికితే ఏం చేస్తారో మాకు తెలుసు. కారు హైదరాబాద్ వైపు తిరుగుతుంది. మీ ఫిల్మ్‌ని ఎవరు చూస్తారో మీకు తెలుసు. పేరు తెలుసు, ఫోను నంబరు తెలుసు, అర్ధరాత్రి ఎత్తుతాడనీ తెలుసు. రెంటచింతల మనిషికి కూడా ఆ పేరు తెలిసేదాకా దయచేసి ఏ యంత్రానికీ రిబ్బన్ కట్టకండి. ఆ కత్తెర ఇలా క్యాజువాలిటీలో ఇచ్చేసి పోండి. మీరు ఇప్పటిదాకా చేసిన ప్రారంభోత్సవాలన్నిటి కన్నా, కట్లు కత్తిరించడానికి అదే ఎక్కువ పనికొస్తుంది.